మాది కాని కుక్కకి పన్ను

జీవితంలో నేను పన్ను ఎగ్గొట్టే ప్రయత్నం ఒక్కసారే చేశాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఎగ్గొట్టబోయింది కుక్క పన్ను. తర్వాత ఉద్యోగం చేసినంత కాలం జీతంలోంచి వాళ్ళే కోసుకుని మిగిలింది నా చేతిలో పెట్టారు కాబట్టి, నా తెలివితేటలు చూపించుకునే అవకాశం మళ్ళీ రాలేదు. వచ్చినా ఒరిగేదేమీ లేదు. నేనెంత పనికిమాలిన దొంగనో ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో మా వీధి వీధంతా ఆ ఒక్క ఉదయమే చూసేసింది.

అవి అరవైల మొదటి రోజులు. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. క్వార్టరు కోసం ఆయన పెట్టుకున్న అర్జీ నాకంటే ముందు పుట్టింది గానీ, నేను బడికి వెళ్ళే వయసొచ్చినా అది ఇంకా నడవడం నేర్చుకోలేదు. అందుకని ఖరిదాలో రెండు గదుల పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. క్వార్టర్ల వాళ్ళకి మునిసిపాలిటీతో పని లేదు. మాకు ఉంది. సైకిలుకి ఏటా పన్ను కట్టి రేకుబిళ్ళ బిగించుకోవాలి. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాలి. ఇవి చాలవన్నట్టు దుర్గాపూజకి బెంగాలీ కుర్రాళ్ళ చందా, ఎండాకాలంలో మాతపూజకి మన తెలుగు కుర్రాళ్ళ చందా. నాన్న అన్నీ కట్టేవాడు. కట్టి, రసీదులు ఒక ఇనప తీగకి గుచ్చి, ఆ వారమంతా ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాడు.

నాన్నకి ప్రాణం తన టోకెన్. టోకెనంటే అరచేతిలో పట్టే గుండ్రటి ఇత్తడి బిళ్ళ. దాని మీద షాపు గుర్తు (వర్క్‌షాప్‌లో ఒక్కో విభాగాన్నీ షాపనేవారు), ఆయన నంబరు కొట్టి ఉంటాయి. పొద్దున్న రెండో సైరన్ మోగేలోపు గేటు దగ్గర పెట్టెలో ఆ బిళ్ళ వేస్తే మనిషి పనిలోకి వచ్చినట్టు. సాయంత్రం మళ్ళీ చేతికిస్తారు. బిళ్ళ లేకపోతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా రానట్టే లెక్క. పోగొట్టుకుంటే జరిమానా, ఫోర్‌మన్ చేత చీవాట్లు, కొత్తది వచ్చేదాకా గేటు దగ్గర పడిగాపులు. అందుకని ఇంటికి రాగానే దాన్ని గుమ్మం పక్క మేకుకి తగిలించేవాడు. శనివారం సాయంత్రం చింతపండు, బూడిద పెట్టి తోమేవాడు. అంత శ్రద్ధగా ఆయన నా తల దువ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో రెండో ముఖ్యమైన మనిషి నాయనమ్మ. మా అమ్మ వంటింటి మనిషి, మాటలు తక్కువ. ఆ లోటు నాయనమ్మ పూడ్చేది. ఆవిడది నౌపడా వైపు సముద్రపొడ్డు ఊరు. తెల్లవాళ్ళ కాలంలో ఉప్పు మీద పన్ను ఉన్నప్పుడు, సముద్రపు నీళ్ళు కుండలో మరగబెట్టి చీర మడతల్లో దొంగ ఉప్పు దాటించిన చరిత్ర ఆవిడది. ఉప్పు జవాను ఎదురొస్తే కడుపుతో ఉన్నదానిలా నడిచేదట. "సముద్రం ఆళ్ళ బాబుదా ఏటి" అనేది. స్వరాజ్యం వచ్చి ఉప్పు పన్ను పోయినా ఆవిడ కోపం పోలేదు. పన్నన్న మాట వినబడితే చాలు, చీర కుచ్చెళ్ళు సవరించుకునేది.

ఈ ఇద్దరి మధ్యా ఒక పేచీ ఉండేది. నాన్నకి చిన్నప్పటి ముద్దుపేరు ఒకటుంది. నేను పుట్టేనాటికి కూడా నాయనమ్మ ఆయన్ని అలాగే పిలిచేదట. ఒకసారి షాపులో పనిచేసే స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు, వాళ్ళందరి ముందూ ఆ పేరు పెట్టి "పాలు తాగుతావేటిరా" అని అడిగింది. నెల రోజులు షాపంతా నాన్నని ఆ పేరుతోనే పిలిచి, పాలు తాగుతావా అని అడిగారు. నాన్న ఇంటికొచ్చి, ఆ పేరు ఇంకెప్పుడూ ఎత్తొద్దని గట్టిగా చెప్పేశాడు. నాయనమ్మ మాట విన్నది. మరీ ఎక్కువ విన్నది. ఆ పేరుతోనే కాదు, అసలు ఏ పేరుతోనూ కొడుకుని పిలవడం మానేసింది. ఆయన మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా, "అన్నం వడ్డించినారని మీ నాన్నకి సెప్పే" అని నాతో కబురంపేది. నేను చెప్పేదాన్ని. ఆయన లేచేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి.

ఇక కుక్క. ఒక మాతపూజ నాడు ఘటాల ఊరేగింపు వెనకాల నడిచొచ్చి మా అరుగు మీద ఆగిపోయింది. ఎర్రగా, ఒక చెవి మడిచి ఉండేది. ఊరేగింపు వెళ్ళిపోయింది, అది వెళ్ళలేదు. మర్నాటికే నాయనమ్మ తీర్పు చెప్పేసింది. "ఇది మన్ది కాదు. పేరెట్టకండి. పేరెడితే మన్దయిపోద్ది."

నాన్నకీ ఆ తీర్పు నచ్చింది. మూడేళ్ళు ఆ కుక్క మాది కాకుండా మా ఇంట్లోనే ఉంది. రోజూ మొదటి ముద్ద దానికే పెట్టేది నాయనమ్మ, పెడుతూ "పారేత్తన్నాను" అనేది. పారేసేదానికి చేపముళ్ళు తీసి పెట్టడం ఎందుకని నేనడిగితే, "ముళ్ళు నీ కాలికి గుచ్చుకుంతాయని" అనేది. నాన్న సైకిలెక్కితే అది లెవెల్ క్రాసింగ్ దాకా వెంటబడేది, ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. మధ్యాహ్నం పూట నాయనమ్మ పెరటి గుమ్మంలో దాన్ని పక్కన పడుకోబెట్టుకుని, మడిచిన చెవి ఎత్తి అందులో ఏదో గొణిగేది. ఏమిటని అడిగితే, "జపం సేసుకుంతన్నాను, ఎల్లు" అనేది.

అలా ఉండగా మునిసిపాలిటీ మనిషి రిక్షాలో మైకు పెట్టుకుని వచ్చాడు. బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు. ఊళ్ళో కుక్కలు ఎక్కువైపోయాయి, కరుస్తున్నాయి. కుక్కలున్నవాళ్ళు పన్ను కట్టి మెడకి బిళ్ళ కట్టుకోవాలి. బిళ్ళ లేని కుక్కని బండిలో వేసుకుని పోతారు. బండెక్కిన కుక్క ఎక్కడికి పోతుందో ఆయన చెప్పలేదు, వీధిలో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "సైకిలుకి కట్టినాను, రేడియోకి కట్టినాను. కుక్కకి నేనెందుకు కట్టాల? మనకి కుక్క నేదు కదా."

"నేదు" అంది నాయనమ్మ, నా వైపు చూసి.

కుక్క ఇద్దరి మధ్యా పడుకుని తోక ఆడిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరు మాట తప్పలేరు, ఇంకొకరు జీవితంలో పన్నన్నది ఒప్పుకోలేరు. ఈ ఇద్దరి పంతానికీ మధ్యలో బండెక్కేది అది.

సరిగ్గా ఆ వారమే మా చరిత్ర మాస్టారు పన్నుల గురించి చెప్పారు. పాఠంలో ఉన్నవి నాలుగు ముక్కలే గానీ, ఆయన పొడుం పీల్చిన రోజు పాఠం దాటి చాలా దూరం పోయేవారు. ఇంగ్లండులో ఇంటికున్న కిటికీలు లెక్కపెట్టి పన్ను వేశారట. జనం కిటికీలు ఇటుకలతో మూసేసి చీకట్లో కూర్చున్నారట. ఫ్రాన్సులో ఇంట్లో తలకింత చొప్పున ఉప్పు కొని తీరాలట, అక్కర్లేకపోయినా సరే. రోములో చక్రవర్తి ఒకాయన మూత్రం మీద పన్ను వేశాడట. బట్టలు ఉతికేవాళ్ళు దాన్ని కొనుక్కుపోయేవారట, పన్ను వాళ్ళకి. ఈ చివరి ముక్క క్లాసులో ఎవరికీ వినబడలేదు, అప్పటికే అందరం బల్లల కిందకి దూరి నవ్వుతున్నాం.

ఇంటికొచ్చి నాయనమ్మకి ఒప్పజెప్పాను. కిటికీల సంగతి విని మా ఒక్కగానొక్క కిటికీ వైపు చూసి, "మనకి ఇల్లద్దికిచ్చినోడు ఆ దేశపోడేనేటి" అంది. రోము సంగతికి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"పొయ్యకుండా బిగబట్టుకుంటే?" అంది.

"ఎంతసేపని?" అన్నాను.

"నిజమేనే" అని కాసేపు ఆలోచించింది. "మా ఉప్పే నయం."

మాస్టారు చెప్పినవాటిలో ఒకటి మాత్రం నేను నాయనమ్మకి చెప్పలేదు, దాచుకున్నాను. రష్యాలో ఒక రాజుకి గడ్డాలంటే పడేది కాదట. గడ్డం ఉంచుకోవాలంటే పన్ను కట్టాలి. కట్టినవాడికి ఒక రాగి బిళ్ళ ఇచ్చేవారు, దాని మీద డబ్బు ముట్టిందని రాసి ఉండేది. రాజభటుడు ఆపి గడ్డం పట్టుకుంటే బిళ్ళ చూపించాలి. చూపిస్తే గడ్డం దక్కుతుంది, లేకపోతే కత్తెర. అంటే భటుడు చూసేది గడ్డాన్ని కాదు, మనిషినీ కాదు, బిళ్ళని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బిళ్ళదేముంది, మా గుమ్మం పక్క మేకుకి ఒకటి వేలాడుతూనే ఉంది.

శనివారం బండి పక్క వీధికి వచ్చింది. మిఠాయి కొట్టు దగ్గర పడుకునే నల్లకుక్క ఆ సాయంత్రం నుంచి కనబడలేదు. ఆదివారమైతే మనుషులు ఇళ్ళల్లో ఉంటారు కాబట్టి మా వీధికి ఆ రోజు వస్తారని చెప్పుకున్నారు. ఆదివారం వర్క్‌షాప్ సెలవు. అంటే టోకెన్‌కీ సెలవే. పొద్దున్న నాన్న సంచీ తగిలించుకుని చేపల బజారుకి వెళ్ళగానే నేను మేకు మీద నుంచి టోకెన్ తీసి, నా జడ ఎర్రరిబ్బను దానికి గుచ్చి, కుక్క మెడకి కట్టాను. ముందురోజే తోమిన ఇత్తడి ధగధగా మెరిసింది. మునిసిపాలిటీ బిళ్ళలు ఇంత బాగుండవని నాకు నేనే మెచ్చుకున్నాను.

వెనక్కి తిరిగితే నాయనమ్మ నిలబడి ఉంది. టోకెన్ వైపు చూసింది, మేకు వైపు చూసింది, నా వైపు చూసింది. చెవి మెలిపెడుతుందనుకున్నాను. ఆవిడ వంగి కుక్క మెడ తడిమింది.

"ముడి వదులుగా ఉన్నాది" అని, విప్పి తనే గట్టిగా వేసింది. ఉప్పు మూటలు కట్టిన చెయ్యి.

కాసేపటికి బండి వచ్చింది. కమ్మీలు బిగించిన తోపుడు బండి, లోపల రెండు కుక్కలు మూలుగుతున్నాయి. తీగ ఉచ్చులు పట్టుకున్న మనుషులు ఇద్దరు, చంకలో రిజిస్టరు పెట్టుకున్న బెంగాలీ గుమాస్తా ఒకాయన. కళ్ళజోడు, గొడుగు, శుభ్రమైన ధోవతీ. మా కుక్క అరుగు మీద పెళ్ళికూతురిలా పడుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడి, అడక్కముందే నాకొచ్చిన బెంగాలీలో "దీనికి బిళ్ళ ఉంది" అన్నాను.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ టోకెన్ గుర్తుపట్టని మనిషి ఉండడు. ఊరిలో సగం మంది అన్నం ఆ బిళ్ళ మీదే ఉడుకుతుంది. అది నాకు తెలుసు. కానీ ఈ గుమాస్తా మేదినీపూర్ నుంచి వచ్చే మనిషి కదా, నదికి అవతలి వాడికి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకున్నాను. ఆయన గొడుగు గోడకి ఆనించి, కళ్ళజోడు సవరించుకుని, వంగి, బిళ్ళ తిప్పి ముందూ వెనకా చదివాడు. ఆయన మామగారు బాయిలర్ షాపులో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడని తర్వాత తెలిసింది.

సరిగ్గా అప్పుడే నాన్న చేపల సంచీతో సైకిలు దిగాడు.

గుమాస్తా నడుం ఎత్తి, ఏమాత్రం నవ్వకుండా అడిగాడు. "దాదా, ఈ కుక్క ఏ షాపులో పనిచేస్తుంది?"

వీధి గొల్లుమంది. ఎదురింటి అరుగు మీద టీ తాగుతున్నాయన గ్లాసు వదిలేశాడు. నాన్న ముందు కుక్కని చూశాడు, తర్వాత మేకు చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు. నేను నా జడలో లేని రిబ్బను కోసం వెతుక్కున్నాను. ఇక ఆయన కొడతాడని కాదు నా భయం. నవ్వులపాలైన మనిషి ఇప్పుడు ఆ కుక్క తనదని అననే అనడు, అది నాకు తెలిసిపోయింది. దాన్ని కాపాడబోయి బండెక్కించింది నేనే.

నాన్న అరుగెక్కి ముడి విప్పడానికి చూశాడు. రాలేదు. పళ్ళతో లాగి విప్పి, టోకెన్ జేబులో వేసుకున్నాడు.

"టోకెన్ నాది" అన్నాడు బెంగాలీలో.

"అది తెలుస్తూనే ఉంది. మరి కుకుర్ ఎవరిది?"

నాన్న విప్పిన రిబ్బను వేలికి చుట్టుకున్నాడు. మూడేళ్ళుగా వీధంతటికీ మాది కాదని చెప్పిన మనిషి. సంచీలో చేప ఒకటి కొట్టుకుంటోంది. గుమాస్తా కాసేపు చూసి, తలూపాడు. ఉచ్చు పట్టుకున్నవాడు ముందుకొచ్చి తీగ దాని మెడ మీద వేశాడు. కుక్క అది కూడా ఏదో కొత్త రిబ్బను అనుకుని తోక ఆడించింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఉండు బాబూ" అంది నాయనమ్మ.

గుమ్మం దాటి వచ్చి తీగ మీద చెయ్యి వేసింది. "కుక్క నాది. రాసుకో."

ఉప్పు జవాన్లకి లొంగని మనిషి. నేను ఏడుపు ఆపి చూస్తూ ఉండిపోయాను. గుమాస్తాకి ఆ తెలుగు ఎంత అర్థమైందో గానీ, తీగ వదలమని మనిషికి సైగ చేసి, అరుగు మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. రంగు రాసుకున్నాడు. మడిచిన చెవి రాసుకున్నాడు. తర్వాత పెన్ను ఆపి అడిగాడు. "మాసీమా, దీని నామ్?"

పేరు లేదని చెప్పబోయాను. నాయనమ్మ నన్ను పక్కకి జరిపింది. ఒక్క క్షణం నేల చూపు చూసింది. తర్వాత, చాలా మెల్లగా, పేరు చెప్పింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. అది మా నాన్న ముద్దుపేరు.

మూడేళ్ళ జపం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కొడుకు వద్దన్న పేరుని ఆవిడ ఎక్కడా పారేయలేకపోయింది. రోజూ మధ్యాహ్నం పెరట్లో, ఎవరికీ వినబడకుండా, ఒక కుక్క మడిచిన చెవిలో చెప్పుకుంది. ఎవరూ చెప్పకుండానే నాన్నకీ ఇదంతా అర్థమైనట్టుంది. ఆయన మొహం నేనంతకు ముందెప్పుడూ అలా చూడలేదు. అరుగు దిగి, సైకిలు స్టాండు వేసి ఉన్నా, మళ్ళీ ఒకసారి స్టాండు వేశాడు. గుమాస్తాకి ఏమీ తెలియదు పాపం, అక్షరాలు ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

"మాలిక్ ఎవరు? ఈవిడ పేరు రాయనా?" అన్నాడు.

"నా పేరు రాయండి" అన్నాడు నాన్న. రిజిస్టరు దగ్గరకొచ్చి ఇంకోసారి అన్నాడు. "కుక్క మా ఇంటిదే. పన్ను నేను కడతాను."

అలా ఆ ఏడాది మునిసిపాలిటీ రిజిస్టరులో, ఒకే వరసలో, యజమాని దగ్గర ఒకటీ కుక్క దగ్గర ఒకటీ, మా నాన్న పేర్లు రెండూ ఎక్కాయి. ఆ పన్ను రసీదు కూడా ఆయన అదే తీగకి గుచ్చాడు గానీ, ఆ వారం మాత్రం ఎవరి మీదా విసుక్కోలేదు. సోమవారం షాపుకి ఆయనకంటే ముందు కబురు చేరిపోయింది. "ఇయ్యాల డ్యూటీకి నువ్వొచ్చినావేటి, నీ కుక్క రానేదా" అని చాలా రోజులు అడిగారట. నాకు పడిన శిక్ష, ఆయన రిటైరయ్యేదాకా లేదా నాకు పెళ్ళయ్యేదాకా, ఏది ముందైతే అది, శనివారం శనివారం ఆ టోకెన్ నేనే తోమడం. ఇప్పటికీ చింతపండు నానబోస్తే నాకు వర్క్‌షాప్ గుర్తొస్తుంది.

ఆ ఆదివారం సాయంత్రం కుక్క కనబడలేదు. ఎక్కడో సందుల్లో తిరుగుతోందో, లేక మెడ మీద పడిన తీగ సంగతి ఆలస్యంగా అర్థమై భయపడిందో. అన్నం కలిపిన గిన్నె పట్టుకుని నాయనమ్మ వీధి అరుగు మీదకి వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఇక దాచేదేముంది, ప్రభుత్వం దగ్గరే రాయించేసింది కదా. నోరారా, వీధి చివరిదాకా వినబడేలా, ఆ పేరు పెట్టి పిలిచింది.

సందు మలుపులోంచి కుక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. లోపలి గదిలో బల్ల మీద పడుకున్న నాన్న లేచి గుమ్మంలోకి వచ్చి, "ఏటమ్మా" అన్నాడు.

నాయనమ్మ ఒకసారి దాన్నీ, ఒకసారి ఆయన్నీ చూసింది. నాతో కబురేమీ పంపలేదు. "రా, వడ్డిత్తాను" అని తనే చెప్పింది. ఆ పూట ఇద్దరికీ ఆవిడే అన్నం పెట్టింది.